సముద్రం కావాలంటే నీలం అడక్కండి

"మెట్ల పక్కన గోడంతా ఖాళీగా ఉందండీ, అక్కడ ఒక పెద్ద అల రావాలి, మంచి నీలం, పైన తెల్లటి నురగ, వీలైతే కింద రెండు మూడు చేపలు" అని ఆవిడ ఫోన్లో చెప్తూ ఉంటే బుద్ధిగా రాసుకున్నాను గానీ లోపల్లోపల మాత్రం మళ్ళీ నీలమేనా తల్లీ అనుకున్నాను. పదకొండేళ్ల నుంచి నా పని ఇదే, గాజూ లోహమూ కలిపి ఎవరికి కావాల్సింది వాళ్ళకి ఆర్డర్ మీద చేసిపెట్టడం. అందులో సగానికి పైగా సముద్రం పేరు మీద వచ్చేవే, గాజు అనగానే జనాలకి నీళ్ళు గుర్తొస్తాయేమో మరి. ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా బూడిదరంగు సముద్రం అడగలేదు, మట్టిరంగు సముద్రం అడగలేదు. అందరికీ ఆ నీలమే కావాలి, ఆ వంపు తిరిగిన అలే కావాలి.

నా గొడవేంటంటే అలా చేసిన సముద్రం మూడు నెలల్లో గోడలో కలిసిపోతుంది. కిటికీకి వేసిన కర్టెన్ లాగా, అక్కడ ఉందని కూడా గుర్తుండదు. మొదట్లో నేనూ అలాంటివి బోలెడు చేశాను, కోబాల్ట్ వేసిన ముదురు నీలం గాజు, ఇత్తడి రేకులో కోసిన చేపలు, డబ్బులు బానే వచ్చాయి, ఇప్పుడు ఆ ఫొటోలు చూస్తే ఎవరైనా చూస్తారేమో అని పక్కకి జరిపేస్తాను. సముద్రం పేరు పెట్టుకున్నాక ఆ వస్తువు సముద్రం చేసే పని ఏదో ఒక్కటైనా చేయాలి కదా. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా కనపడాలి. ఒక అడుగు పక్కకి జరిగితే ఇంకేదో చూపించాలి. చేప బొమ్మ ఉంటే సరిపోతుందనుకుంటే బెడ్‌షీట్ల మీద కూడా ఉంటాయి చేపలు.

రంగు సంగతి ముందు తేల్చేద్దాం. దోసిట్లో సముద్రపు నీళ్ళు పట్టుకుంటే ఏ రంగూ ఉండదు. వెలుతురు నీళ్ళలోకి దిగేకొద్దీ నీళ్ళు ముందుగా ఎరుపుని మింగేస్తాయి, పది మీటర్లు వెళ్ళేసరికి ఎరుపు దాదాపు మిగలదు, ఆ తర్వాత నారింజ, పసుపు వంతు, అన్నీ పోగా చివరికి మిగిలేది నీలం. బురద ఉంటే, నాచు ఉంటే అదీ మారిపోతుంది. అంటే మనం చూసి మురిసిపోయే ఆ నీలమంతా లోతు వల్ల వచ్చిందే, అంతేగానీ ఎవరూ డబ్బా తెచ్చి పోయలేదు. గాజు కూడా అచ్చం ఇలాగే చేస్తుంది. మామూలు కిటికీ అద్దాన్ని ఎదురుగా చూడండి, రంగు లేదంటారు. అదే అద్దాన్ని అంచు వైపు నుంచి చూడండి, చిక్కటి ఆకుపచ్చ. ఇసుకలో ఎక్కడో ఇంత ఇనుము ఉంటుంది, ఆరు మిల్లీమీటర్ల మందంలో దాన్ని కన్ను పట్టించుకోదు, వెలుతురు అదే గాజులో జానెడు దూరం నడిస్తే మాత్రం దాక్కోలేదు.

ఆవిడ షెడ్డుకి వచ్చిన రోజు నేను వాదించలేదు, వాదించి ఎవర్నీ ఒప్పించలేం. 6 మి.మీ. పలకలు పన్నెండు తెచ్చి బల్ల మీద ఒక్కొక్కటే పేర్చుతూ పోయాను. మూడు పేర్చేదాకా ఆవిడ ఫోన్ చూసుకుంటూనే ఉన్నారు. ఆరు దాటాక చూపు ఇటు తిరిగింది. పన్నెండూ అయ్యాక దాన్ని కిటికీ వైపు జరిపాను, అంచుల్లోంచి ఆ ఆకుపచ్చ ఎలా వచ్చిందంటే, పైన పలకల దగ్గర పలచగా, మధ్యలో చిక్కగా, అడుగున దాదాపు నలుపుకి దగ్గరగా, ఒక మబ్బు అడ్డం వచ్చి మొత్తం ఒక్కసారి చల్లబడినట్టు అయిపోయి మళ్ళీ వెలిగింది. ఆవిడ వంగి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఇందులో మీరు రంగేమీ కలపలేదా" అన్నారు. లేదండీ, ఇది కిటికీలకి వేసేదే అన్నాను. "సరే, నీలం వద్దు. అల మాత్రం ఉండాలి" అన్నారు. ఇక్కడికి గెలుపు నాది సగం, ఆవిడది సగం, చేపలు ఎప్పుడు పోయాయో ఇద్దరికీ గుర్తులేదు.

అసలు గాజుకి సముద్రం దగ్గరి చుట్టమే. ఉత్త ఇసుకని కరిగించాలంటే 1,700 డిగ్రీల దాకా వెళ్ళాలి, పాతకాలం కొలిములకి అది అందని పని, అందుకే సోడా కలిపేవాళ్ళు, సోడా పడితే కరిగే వేడి బాగా కిందకి దిగుతుంది, ఆ కరిగింది నీళ్ళకి కరిగిపోకుండా మళ్ళీ సున్నం కావాలి. మరి ఆ సోడా ఎక్కడిది అంటే చాలా చోట్ల సముద్రపు ఒడ్డున ఉప్పునేలల్లో పెరిగే మొక్కల్ని, ఒడ్డుకి కొట్టుకొచ్చే నాచుని కుప్పలు పోసి కాల్చిన బూడిదే. వెనిస్ వాళ్ళు 1291లో అగ్నిప్రమాదాల భయంతో గాజు కొలిములన్నీ మురానో దీవికి తోలేశారు కదా, అక్కడ వాడిన బూడిద కూడా మధ్యధరా తూర్పు తీరం నుంచి ఓడల్లో వచ్చేది. ఇసుక ఒడ్డుది, బూడిద ఒడ్డుది. ఇక దాని మీద మళ్ళీ నీలం పూసి సముద్రం అని చెప్పాల్సిన అవసరమేముంది.

ఇంక లోహం. ఇక్కడ నేను నా తలబిరుసుతనం గురించి చెప్పుకోవాలి.

అల తల మీద నురగ రావాలి కదా, అక్కడ తెల్ల గాజు వద్దు, గాజు లోపల రాగి గీత ఒకటి పరిగెట్టాలి, కాలంతో పాటు అది నల్లబడి ఎర్రబడి ఏదో ఒకటి అవుతుంది అని నా ఆలోచన. రెండు గాజు పొరల మధ్య పలచటి రాగి రేకు పెట్టి కిల్న్‌లో, అంటే గాజు కొలిమిలో, అతికించడం అందరూ చేసేదే, నేనూ వందసార్లు చేశాను, ఏమీ కాదు, ఆ రేకు వెంట్రుక మందం కూడా ఉండదు కాబట్టి గాజు ఎటు లాగితే అటు సాగుతుంది. కానీ మెట్ల గోడ మీద అంత పలచని గీత కింద నుంచి చూస్తే కనపడదని నాకు అనిపించింది. అందుకని 3 మి.మీ. మందం, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న రాగి పట్టీ పెట్టాను. పెట్టకూడదని తెలుసు. మెల్లగా చల్లారిస్తే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

లెక్క చూస్తే చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. ఒక డిగ్రీ వేడి తగ్గితే ఈ కిటికీ గాజు తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు 9 వంతులు కుంచించుకుంటుంది, రాగి సుమారు 17 వంతులు. 500 డిగ్రీల దగ్గర గాజు బిగుసుకుపోయాక మామూలు వేడికి వచ్చేలోపు 30 సెంటీమీటర్ల గాజు 1.3 మి.మీ. దాకా తగ్గుతుంది, అదే పొడవు రాగి 2.4 మి.మీ. దాకా తగ్గాలని చూస్తుంది. మధ్యలో మిల్లీమీటరు పైనే తేడా. రాగి వెనక్కి లాగుతుంది, గాజు వదలదు. ఎడ్డెమంటే తెడ్డెం. ఎంత మెల్లగా చల్లార్చినా ఈ తేడా పోదు, ఎందుకంటే మెల్లగా చల్లార్చడం అనేది గాజు లోపలి పొరకీ బయటి పొరకీ మధ్య తగువు తీర్చడానికి, మందం రెట్టింపైతే ఆ టైమ్ సుమారు నాలుగు రెట్లు కావాలి, అందుకే మందం పనులు రోజుల తరబడి కిల్న్‌లోనే ఉంటాయి. రాగితో తగువు వేరు, అది గాజు బిగుసుకున్నాకే మొదలవుతుంది.

ఐదో రోజు కిల్న్ మూత తీస్తే అద్భుతంగా ఉంది. నిజంగా అద్భుతం, రాగి అంచుల్లో ముదురు ఎరుపు, దాని చుట్టూ సన్నటి బుడగలు వరసగా, నేను కావాలని చేసినా రావు అవి. నా దగ్గర పనిచేసే అబ్బాయి ఫొటోలు తీసి ఆవిడకి పంపుదామా అంటే రెండ్రోజులు ఆగు అన్నాను, ఆ మాత్రం భయం ఉంది మరి. వారం గడిచింది, ఏమీ కాలేదు. తొమ్మిదో రోజు సాయంత్రం షెడ్డు కడిగి తాళం వేయబోతుంటే వాడు గుమ్మం దగ్గర ఆగిపోయి "అక్కా, లోపల ఏదో టిక్కుమంది" అన్నాడు. బల్లి అయ్యుంటుందిలే అన్నాను. బల్లి కాదని ఇద్దరికీ తెలుసు. లైట్ వేసి చూస్తే రాగి పట్టీ చివర నుంచి ఒక గీత, గోరు వంపంత, గాజు పైకి కూడా రాలేదు ఇంకా. మేం చూస్తుండగానే రెండోసారి టిక్కుమంది, గీత అరచేతి పొడవు అయింది. ఆ రాత్రి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఎందుకో నాకే తెలీదు, ఆపలేను కదా. తెల్లారేసరికి రెండు ముక్కలు. రాగి మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పుడు నాకు ఒక పాత ఓడ గుర్తొచ్చింది. హెచ్.ఎమ్.ఎస్. అలార్మ్ అని బ్రిటిష్ నౌకాదళం ఓడ, 1761లో దాని అడుగుకి రాగి రేకు తొడిగారు, చెక్కని తొలిచేసే పురుగులూ నాచూ పట్టకుండా. ఐడియా భలే పనిచేసింది, రాగి శుభ్రంగా ఉంది. రెండేళ్ళ తర్వాత చూస్తే ఆ రేకుని పట్టుకున్న ఇనప మేకులు తినేసినట్టు అయిపోయాయి, కొన్ని చోట్ల రేకు ఊడి వేలాడుతోంది. ఉప్పునీళ్ళలో రెండు వేరు వేరు లోహాలు ఒకదానికొకటి తగిలితే అది బ్యాటరీ అయిపోతుంది, బలి అయ్యేది ఇనుము. అయితే అందులోనే కొన్ని మేకులు మాత్రం బాగానే ఉన్నాయి. ఎందుకు అని చూస్తే రాగి రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం, పనివాళ్ళు పూర్తిగా పీకకుండా అలాగే మేకులు కొట్టేశారు, ఆ కాగితం ఉన్న చోట రాగీ ఇనుమూ తగల్లేదు. బద్ధకం వల్ల మిగిలిన మేకులన్నమాట. ఈ కథ నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

దాంతో డిజైన్ మొత్తం తిరగరాశాను. రాగి గాజు లోపల ఉండదు, బయట ఉంటుంది. దువ్వెన పళ్ళలా కోసిన రాగి చట్రం, ఆ పళ్ళ మధ్య గాజు పలకలు నిలబడతాయి, బిగించి పట్టుకోవడం లేదు, ఊరికే కూర్చుంటాయి, ప్రతి పలకకీ రాగికీ మధ్య మెత్తటి సిలికాన్ ముక్క, పక్కన రెండు మిల్లీమీటర్ల సందు. పలకల పైఅంచుల్ని ఒక్కోటి ఒక్కో ఎత్తులో కోసి సానపడితే అల ఆకారం పక్క నుంచి నడిచేటప్పుడే కనపడుతుంది, ఎదురుగా నిలబడితే కనపడదు. మెట్లు ఎక్కేవాళ్ళు ఎలాగూ నడుస్తూనే ఉంటారు కదా. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఆ సందుల్లో గాజు అంతా కాస్త కదులుతుంది, చిన్న గలగల. అది నేను ప్లాన్ చేసింది కాదు, కానీ తీసేయమంటే ఒప్పుకోను.

పగలగొట్టుకున్నాక తెలిసిన ఇంకో ముచ్చట. గాజూ లోహమూ కొట్టుకోకుండా కలిసుండే చోటు ఒకటి ఉంది, అది మీ ఇంటి కిటికీ పుట్టిన ఫ్యాక్టరీ. 1959లో పిల్కింగ్టన్ అనే బ్రిటిష్ గాజు కంపెనీ వాళ్ళు బయటపెట్టిన పద్ధతి, కరిగిన గాజుని తీసుకొచ్చి కరిగిన తగరం మీద పోస్తారు, అది నూనె తేలినట్టు తేలుతూ పరుచుకుని, దానంతట అదే నున్నగా అయిపోయి, చల్లబడుతూ అవతలి ఒడ్డుకి వస్తుంది. ఎలాంటి వేడి చెరువో ఊహించుకోండి. ఆ తగరం వాసన, అదే, కంటికి కనపడని పలచటి పొర, ఒక వైపు ఉండిపోతుంది, మేం అల్ట్రావయలెట్ లైట్ వేసి చూస్తే ఆ వైపు పాలపొగలా మెరుస్తుంది, కిల్న్‌లో పెట్టేముందు ఏ వైపు పైకి ఉండాలో చూసుకోకపోతే వంగిన చోట మసకబారుతుంది. ప్రతి కిటికీ ఒకప్పుడు లోహపు సముద్రం మీద తేలిందే అని చెప్తే మా షెడ్డు అబ్బాయి నమ్మలేదు. లైట్ వేసి చూపిస్తే నమ్మాడు.

ఇంత చెప్పాక మీరు నన్ను ఒక ప్రశ్న అడగాలి, అడగకపోతే నేనే అడుగుతాను: సముద్రపు జీవుల బొమ్మలు చేయడం చవకబారు పని అయితే మరి బ్లాష్కాల సంగతేంటి?

లియోపోల్డ్ బ్లాష్కా, ఆయన కొడుకు రుడాల్ఫ్, డ్రెస్డెన్‌లో ఉండేవాళ్ళు. లియోపోల్డ్ మొదట నగలకి గాజు సామాను, గాజు కళ్ళు చేసేవాడు. భార్య పోయింది, తండ్రి పోయాడు, 1853లో మనసు బాగోక అమెరికాకి ఓడెక్కితే అజోర్స్ దీవుల దగ్గర గాలి పడిపోయి ఓడ రెండు వారాలు కదలకుండా నిలిచిపోయింది. చేసేదేమీ లేక ఆయన నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు, జెల్లీఫిష్‌లని బొమ్మలు గీశాడు, రాత్రుళ్ళు అవి వెలగడం చూశాడు. పదేళ్ళకి, 1863లో, డ్రెస్డెన్ మ్యూజియం కోసం సముద్రపు జీవుల్ని గాజుతో చేయడం మొదలైంది. కారణం చాలా సింపుల్, ఈ మెత్తటి జీవుల్ని సీసాలో స్పిరిట్ పోసి పెడితే రంగు పోయి ముద్దయిపోతాయి, క్లాసులో పిల్లలకి చూపించడానికి ఏమీ మిగలదు. దీపం మంట మీద గాజు కడ్డీలు కరిగించి, లాగి, అతికించి, అవసరమైన చోట లోపల తీగ, పైన రంగు, జిగురు, ఇలా వేల నమూనాలు చేసి క్యాటలాగ్ వేసి పోస్టులో పంపించేవాళ్ళు. కార్నెల్ యూనివర్సిటీ 1885లో కొన్నది, దాని సేకరణలో 500 పైగా ఉన్నాయి. తర్వాత హార్వర్డ్ కోసం తండ్రీకొడుకులు చేసిన గాజు పూలు, మొక్కల భాగాలు నాలుగు వేలు దాటాయి, తండ్రి 1895లో పోయినా కొడుకు 1936 దాకా చేస్తూనే ఉన్నాడు.

అవన్నీ ఆర్డర్ పనులే. ఆకారాన్ని ఉన్నదున్నట్టు దించినవే. మరి నా వాదన ఏమైనట్టు? చాన్నాళ్ళు నాకు దీనికి జవాబు దొరకలేదు, ఇప్పుడు కూడా పూర్తిగా ఉందని చెప్పను. కానీ ఒకటి గమనించాను, ఆ జెల్లీఫిష్‌లలో కింద వేలాడే మీసాలు లెక్కపెట్టి ఉంటాయి. ఈ జాతికి ఇన్ని, ఆ జాతికి అన్ని. గొడుగు అంచు ఎక్కడ మందం, ఎక్కడ పలచన అనేది చూసి చేశారు. నా ఇత్తడి చేపల్ని నేను ఏ చేపని చూసి కోశాను? ఏ చేపనీ కాదు. ఇంకో చేప బొమ్మని చూసి కోశాను. బొమ్మని చూసి బొమ్మ, దాన్ని చూసి ఇంకో బొమ్మ, అలా ఎన్ని చేతులు మారిందో ఆ చేప. కాబట్టి నా కోపం ఆకారం మీద కాదేమో, చూడకుండా చేసిన ఆకారం మీద.

డేల్ చిహులీ అనే అమెరికా గాజు కళాకారుడి సముద్రపు వరస పనులు చూసినా నాకు అదే అనిపిస్తుంది. 1980లో మొదలుపెట్టాడు వాటిని. అవి ఏ గవ్వకీ నకలు కావు, కానీ గాజుని చాళ్ళున్న అచ్చులో ఊది తీస్తారు, ఆ చాళ్ళ వల్ల గోడ ఎంత పలచనైనా నిలబడుతుంది, గవ్వ మీద గీతలు కూడా చేసే పని అదే కదా. మా దగ్గరికి వచ్చేవాళ్ళు "అంతా మీ చేత్తోనే చేస్తారు కదండీ" అని అడుగుతూ ఉంటారు, వాళ్ళకి నేను చిహులీ గురించే చెప్తాను, 1976లో కారు ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది, 1979లో అలల మీద ఆడుతూ భుజం జారింది, అప్పటి నుంచి ఊదే గొట్టం పక్కన పెట్టి టీమ్ చేత చేయించాడు. అంటే ఆ సముద్రపు వరస అంతా గొట్టం వదిలాకే వచ్చింది. మరి అవి ఆయనవి కావా? నా మటుకు నేను సానపట్టే పని సగం మా అబ్బాయి చేతే చేయిస్తాను, వాడి చేయి నా చేతి కంటే నిదానం.

ఆర్డర్ పని అంటే ముక్కు విరిచే ఆర్టిస్టులు కొంతమంది తెలుసు నాకు. కొనేవాడి ఇష్టానికి చేస్తే అది కళ ఎలా అవుతుంది అంటారు. కొనేవాడి ఇష్టం, రాగి ఇష్టం, గాజు ఇష్టం, గోడ మోయగలిగే బరువు, మధ్యాహ్నం ఎటు నుంచి ఎండ పడుతుంది, ఇవన్నీ నాకు ఒకే లెక్కలో ఉంటాయి. ఖాళీ గదిలో ఏమైనా చేయొచ్చు అనే స్వేచ్ఛ ఇచ్చిన రోజుల్లో నేను చేసినవేంటో తెలుసా, ఆ నీలం అలలే.

మెటీరియల్ దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. ఒకసారి సముద్రం ఎదురుగా ఉన్న బాల్కనీకి పని చేశాను, స్టీలు 316 గ్రేడే కావాలని చెప్పి మరీ తెప్పించాను, అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది కాబట్టి ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది. అమ్మినతను అదే అన్నాడు, బిల్లు మీద అదే రాశాడు. నాలుగు నెలలకి టీ మరకల్లా గోధుమరంగు చారలు, ఒకవైపంతా. అది మామూలు 304 అయ్యుంటుంది, చూపుకి తేడా తెలీదు, అయస్కాంతం పెట్టినా తెలీదు, టెస్టింగ్ ద్రవం చుక్క వేసి చూస్తేనే తెలుస్తుంది, ఆ చుక్క వేయకపోవడం నా తప్పు. మొత్తం విప్పి సొంత ఖర్చుతో మార్చాను. అప్పటి నుంచి ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా చుక్క వేయందే రేటు మాట్లాడను. రాగి విషయంలో అయితే ఈ బాధ లేదు, ఉప్పుగాలికి దానికి పట్టే ఆకుపచ్చ చిలుము నాకు కావాల్సిందే, దాన్ని తుడవొద్దని ఆవిడకి కాగితం మీద రాసి ఇచ్చాను, అయినా తుడుస్తారు, నాకు తెలుసు.

బిగించేముందు నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. అసలు సైజులో బ్రౌన్ పేపర్ కత్తిరించి ఆ గోడకి అంటించి వారం రోజులు అలాగే వదిలేయమంటాను. ఆవిడ మూడో రోజే ఫోన్ చేశారు, "ఇంకో జానెడు కిందకి దించాలండీ, ఎక్కేటప్పుడు బానే ఉంది, దిగేటప్పుడు కంటికి పైన పోతోంది" అని. నేను ఎక్కే వైపు నుంచే ఆలోచించాను. దిగడం నాకు తట్టనే లేదు. జానెడు కిందకి దించాం.

ఇప్పుడు బల్ల మీద ఇంకో ఆర్డర్ ఉంది. ఒకాయన జెల్లీఫిష్ కావాలన్నాడు. రెండుసార్లు కుదరదన్నాను, మూడోసారి ఆయన ఒక వీడియో పంపాడు, తనే నీళ్ళలోకి దిగి తీసుకున్నది, ఐదు నిమిషాలు, కదలకుండా దాన్నే చూస్తూ తీశాడు. ఆ ఐదు నిమిషాలూ చూశాక కాదనలేకపోయాను. పన్నెండు మీసాలు, గాజువి, లోపల తీగ లేకుండా. ఏడోది లాగేటప్పుడు వెళ్ళి ఆరోదానికి అతుక్కుపోయింది, ఇప్పటికి నాలుగుసార్లు. మంట తగ్గించి చూడమంటున్నాడు మా అబ్బాయి.